పసుపు గీత లేని స్క్రూ

"నేనే చంపానని చెప్పేశాను కదమ్మా. సంతకం కూడా పెట్టాను. ఇంకేం కావాలి మీకు?"

లోయెల్ హెగ్‌స్ట్రోమ్ గొంతులో కోపం లేదు. దుకాణం మూసే వేళకు వచ్చిన మనిషికి నచ్చజెప్పి పంపేవాడిలా మాట్లాడాడు. ఎడమ చేతికి వేసిన బేడీ రెండో కొస బల్లకు బిగించిన కడ్డీకి ఉంది. కుడి చేతి పక్కన డిటెక్టివ్ ఇర్మా కొస్కి తెచ్చిపెట్టిన కాఫీ ముట్టుకోకుండానే చల్లారిపోతోంది.

"కొత్తగా ఏమీ వద్దు," అంది ఇర్మా. "ఆ హాట్ టబ్ సంగతి చెప్పండి చాలు."

"టబ్ సంగతా?"

"ఎక్కడ దొరికింది, ఏం పాడైంది, ఎలా బాగుచేశారు. మొదటి నుంచీ."

గదిలోకి తీసుకొచ్చాక ఆయన తలెత్తి ఆమె ముఖంలోకి చూడటం అదే మొదటిసారి.

ఆల్డర్ బేలో ఈ కేసు జరిగినప్పుడు ఇర్మా ఊళ్ళో లేదు. సెలవు ముగించుకుని వచ్చేసరికి ఫైలు కట్టేసి ఉంది. గడిచిన గురువారం సాయంత్రం, లోయెల్ భార్య ఆర్డిస్ ఇంటి వెనక చెక్క వరండాలో ఉన్న హాట్ టబ్‌లో, కరెంటుతో నీళ్ళు వేడెక్కే ఆ పెద్ద తొట్టిలో, కూర్చుంది. బయటికి రాబోతూ మెట్ల పక్కన పాతిన ఇనుప కడ్డీ పట్టుకుంది. నీళ్ళలోకి లీకవుతున్న కరెంటు ఆమె ఒంట్లోంచి ఆ కడ్డీలోకి దారి చూసుకుంది. లోయెల్ వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చేసరికే అయిపోయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ వచ్చి గోడకున్న కరెంటు పెట్టె తెరిచాడు. హాట్ టబ్‌కి మామూలు బ్రేకర్ పెట్టరు. కరెంటు నీళ్ళలోకి రవ్వంత లీకైనా కనుక్కుని, క్షణంలో తనంతట తానే పడిపోయే బ్రేకర్ పెడతారు. ఆ పెట్టెలో అది లేదు. దాని చోట అదే సైజు మామూలు బ్రేకర్ ఉంది.

"ఎవరు మార్చారు?" అని అడిగాడు కేసు చూస్తున్న డిటెక్టివ్ ట్రెంట్ వాలేస్.

లోయెల్ ఆ పెట్టె వైపే చూస్తూ, "నేనే," అన్నాడు.

"ప్రమాదమని తెలుసా?"

"జీవితమంతా స్కూలు బస్సులు బాగుచేశాను. తెలియకేం."

ఆ రెండు జవాబులతో కేసు తేలిపోయింది. రేపు ఉదయం జడ్జి ముందు నేరం ఒప్పుకోవడమే మిగిలింది. కోర్టుకి పంపేముందు ఒకసారి నువ్వూ చూడు అని పై అధికారి షెరీఫ్ ఇర్మాకి అప్పగించాడు, మాటవరసకు అప్పగించినట్టు.

"సరస్సు ఒడ్డున వేసవికి మాత్రమే వచ్చే ఒక ఇంటివాళ్ళు వదిలించుకోవాలనుకున్న టబ్ అది," అని మొదలుపెట్టాడు లోయెల్. "మూత మీద నాచు పట్టింది. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. ఆర్డిస్‌కి కీళ్ళ జబ్బు, మీకు తెలిసే ఉంటుంది. పొద్దున లేచి గుండీలు పెట్టుకోలేకపోయేది. స్కూలు వంటింట్లో ఊళ్ళో పిల్లలందరికీ వండిపెట్టిన చేతులు. వేడినీళ్ళలో కూర్చుంటే వేళ్ళు కాస్త విచ్చుకుంటాయన్నాడు డాక్టరు. కొత్తది మన తాహతు కాదు. సరే, ఇది పట్టుకొచ్చాను."

"నడిచిందా?"

"ఎక్కడ నడుస్తుంది? పంపు బిగుసుకుపోయింది. దాన్ని విప్పి, సీలు మార్చి, తిరిగేలా చేశాను. నీళ్ళు నింపితే, నీళ్ళు పారడం లేదని ఎర్ర లైటు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చూస్తే పైపులో గాలి ఇరుక్కుంది, అంతే. పంపు దగ్గర బిగింపు కొంచెం వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీళ్ళు అందుకున్నాయి." ఆయన కుడి చెయ్యి గాల్లో ఆ బిగింపును తిప్పింది. "తర్వాత లీకు. ఎక్కడో చుక్క చుక్కగా కారుతోంది, ఎక్కడో కనిపించదు. ఎండాకాలమంతా దాని కిందే పడుకున్నాను. చివరికి ఆర్డిస్ క్రిస్మస్ బిస్కెట్లలో వేసే ఎర్ర రంగు తెచ్చి, నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు ఒక్కో రంధ్రం దగ్గర ఒక్కో బొట్టు వదిలాను. ఒక చోట రంగు తీగలా సాగి గోడలోకి పోయింది. దొరికావురా అన్నాను."

"ఆర్డిస్ ఏమనేది?"

"పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. 'ఈ ముసలి టబ్‌కి నాకంటే ఎక్కువ మందులు పోస్తున్నావు' అనేది." ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. "మొదటిసారి దిగి పైకి వచ్చిన రోజు చేతులు చాచి చూపించింది. వేళ్ళు పియానో వాయించినట్టు ఆడించింది. ఎన్నేళ్ళైందో అలా చూసి."

ఇర్మా కాఫీ కప్పు పక్కకి జరిపింది. "బ్రేకర్ ఎందుకు మార్చారు?"

"మాటిమాటికీ పడిపోతోంది."

"ఎందుకు పడిపోతోంది?"

"ఏమో."

"చూడలేదా?"

"లేదు."

"ఎప్పుడు మార్చారు?"

"జింకల వేట నుంచి వచ్చాక."

"పాతది ఏం చేశారు?"

"సరస్సులో పారేశాను."

ఒక్కొక్క ముక్క తెంపి ఇచ్చినట్టు చెప్పాడు. ఇంతసేపూ గాల్లో బిగింపులు తిప్పిన చెయ్యి ఇప్పుడు కదలలేదు. ఇర్మా ఆ చేతినే చూసింది. ఒక చుక్క నీళ్ళు ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవడానికి ఎండాకాలమంతా బోర్లా పడుకున్న మనిషి, బ్రేకర్ ఎందుకు పడిపోతోందని ఒక్కసారి కూడా చూడలేదట.

ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి అడిగాడు:

"మా కారిన్ ఎలా ఉందో చూశారా?"

"మీ అమ్మాయి ఇక్కడికి రాలేదా?"

"రాదు," అన్నాడు లోయెల్. "రానక్కర్లేదు కూడా."

నడవాలో ట్రెంట్ వాలేస్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. వయసులో ఇర్మాకంటే బాగా చిన్న. ఇస్త్రీ నలగని చొక్కా, ఎప్పుడూ ఎక్కడికో వెళ్ళాల్సిన తొందర.

"ముసలాయన పంపుల పాఠం చెప్పాడా?" అన్నాడు.

"చెప్పాడు. బాగా చెప్పాడు. బ్రేకర్ పాఠం మాత్రం రాలేదు."

"ఇర్మా, ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నేను నోట్లో కుక్కలేదు."

"కుక్కలేదు. ప్రశ్న అడిగినప్పుడే జవాబు కూడా వడ్డించావు. ఆకలిగా ఉన్నాడు, తినేశాడు."

"రోగిష్టి భార్య. ఏళ్ళ తరబడి చాకిరీ. విసిగిపోయాడు. ఇందులో అర్థం కానిదేముంది?"

"విసిగిపోయినవాడు ఆమె మోకాళ్ళ కోసం మెట్ల పక్కన కడ్డీ పాతుతాడా?"

"ఆ కడ్డీయే చంపింది ఆవిడను."

"అదే నేనూ అంటున్నాను. దాన్ని పాతుతున్నప్పుడు ఆ మనిషి ఏమనుకుంటూ పాతాడో ఒకసారి ఆలోచించు."

ట్రెంట్ ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించాడు. "మీరు ఆ రోజు లేరు. ఆ మెట్ల మీది నుంచి ఆవిడను ఎత్తింది నేను. స్కూల్లో నాకు అన్నం పెట్టిన మనిషి. ఆ కూతురు నా భుజం మీద పడి ఏడ్చింది. నాన్న ఎందుకు చేశాడని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. దాన్ని మీరు పాడుచేయకండి."

ఇర్మా కోటు గుండీలు పెట్టుకుంది. ఇంతకాలం అతన్ని పదవి కోసం పరుగెత్తే కుర్రాడనే అనుకుంది.

"మధ్యాహ్నం కారిన్ వస్తోంది," అన్నాడు ట్రెంట్. "రేపు కోర్టులో ఏం మాట్లాడాలో చెప్పడానికి. ఈలోపు మీ ముచ్చట తీర్చుకోండి."

హెగ్‌స్ట్రోమ్‌ల ఇంటి తలుపు కారిన్ తీసింది. పోస్టాఫీసు కోటు మీదే ఉంది, డ్యూటీకి వెళ్ళబోయి మానేసినట్టు. తండ్రిలాగే పొడుగు మనిషి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వంటింటి బల్లంతా చావింటికని చర్చి ఆడవాళ్ళు వండి తెచ్చిపెట్టిన హాట్‌డిష్ కూరల గిన్నెలు. ఒకదాని మీద ఒకటి, రేకు కాగితం కప్పి.

"టబ్ చూడాలా?" అంది కారిన్. "చూడండి. చూశాక గొడ్డలి తీసుకుని ముక్కలు చేసేయండి. చెప్పొద్దూ, నేనే చేద్దామనుకున్నాను. పోలీసులు ముట్టుకోవద్దన్నారు."

వెనక వరండాలో మంచు పలచగా పడి ఉంది. టబ్ మూత మూసి ఉంది. ఇర్మా మోకాళ్ళ మీద కూర్చుని పక్క పలక ఊడదీసింది.

తల వంచి లోపలికి చూసింది.

పంపు, హీటరు, వాటిని కలిపే రాగి తీగలు, బిగింపులు. ప్రతి స్క్రూ తల మీద సన్నటి పసుపు రంగు గీత. ఆ గీత సగం స్క్రూ మీద, సగం పక్కనున్న లోహం మీద పడింది. బస్సు షెడ్డులో మెకానిక్కుల అలవాటు అది. స్క్రూ పూర్తిగా బిగించాక గీత గీస్తారు. తర్వాత అది వదులైనా, ఎవరైనా తిప్పినా గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది. వందమంది పిల్లలు ఎక్కే బండికి చేసే పని, ఆయన ఒక్క మనిషి కూర్చునే తొట్టికి చేశాడు. ఎలుకలు కొరికిన మూల కూడా వదల్లేదు. ఎవరూ చూడని అడుగు భాగంలో కూడా గీతలున్నాయి.

హీటరు మీద కూడా గీతలు చెక్కుచెదరలేదు. లోపలి తీగ పైతొడుగు మాత్రం సన్నగా చిట్లిందని, ఆ లీకు రోజురోజుకీ పెరిగిందని ఇన్‌స్పెక్టర్ రాశాడు. ఎంత జాగ్రత్తపరుడైనా కంటితో చూసి పట్టుకోలేని చీలిక. దాన్ని పట్టుకోవడానికే ఆ బ్రేకర్ ఉండేది. అది పదేపదే పడిపోయిందంటే తన పని తాను చేసిందని.

ఇర్మా లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. పెట్టె తెరిచి టార్చి వేసింది.

కొత్త బ్రేకర్ స్క్రూల మీద పసుపు గీత లేదు. పక్కనున్న పట్టీ మీద ఒక స్క్రూకి గీత ఉంది గాని తెగిపోయింది. సగం ఇటు, సగం అటు. లోయెల్ బిగించిన తర్వాత ఇంకెవరో తిప్పారు.

తీగలన్నీ పొందిగ్గా ఒకచోట చేర్చి నల్ల టేపు చుట్టారు. చేతకాని పని కాదు, నేర్చుకున్న చేతి పనే. టేపు చివర చిన్న త్రికోణంలా లోపలికి మడిచి ఉంది.

ఆమె పెట్టె మూసి, బూట్ల మంచు దులుపుకుని వంటింట్లోకి వచ్చింది. కారిన్ గిన్నెల మీద కాగితపు టేపు అంటించి, ఏది ఎవరిదో పేర్లు రాస్తోంది, తిరిగి ఇచ్చేటప్పుడు తెలిసేలా. ఒక ముక్క తెంపింది. అంటించేముందు బొటనవేలితో దాని చివర లోపలికి మడిచింది. ఇంకో ముక్క తెంపింది. దాని చివరా మడిచింది.

ఇర్మా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ మడత ఎందుకు?"

"ఏది? ఇదా?" కారిన్ చేతిలోని ముక్క వైపు చూసుకుంది. "తర్వాత గోరు పెట్టి తీయడానికి. నాన్న..." ఆగిపోయింది. "అలవాటు. చిన్నప్పుడు షెడ్డులో టేపు పట్టుకుని ఆయన వెనకే తిరిగేదాన్ని."

"ఆయన్ని చూడ్డానికి వెళ్ళలేదట."

"వెళ్ళను. అమ్మ అంత్యక్రియలకి పోలీసులు తీసుకొచ్చినప్పుడు చర్చిలో అందరి ముందూ చెప్పాను, నువ్వు నా తండ్రివే కాదని. ఒక్క మాట అనలేదు. తలొంచుకున్నాడు. తప్పు చేసినవాడు అలాగే ఉంటాడు కదా." టేపు ముక్క ఆమె వేళ్ళకి అంటుకుపోయింది. "వైరింగులో ఏదో తెలిసే చేశానని ఒప్పుకున్నాడని ట్రెంట్ చెప్పాడు. మిగతాది కోర్టులో అన్నాడు. ఇంకేం వినాలి నేను?"

"ఆయన వేటకి వెళ్ళినప్పుడు మీరు ఇక్కడికి వస్తుండేవారా?"

"రోజూ. డ్యూటీ దిగి నేరుగా."

"టబ్ బాగానే పనిచేసిందా అప్పుడు?"

"ఎక్కడ? వేడెక్కడం మొదలవగానే కరెంటు పోయేది. మళ్ళీ వేస్తే మళ్ళీ పోయేది. చలి ఎక్కువై అమ్మ చేతులు ముడుచుకుపోయాయి. చెంచా పట్టలేకపోయింది, నేనే తినిపించాను. నాన్నకి ఫోన్ చేస్తానంటే వద్దంది. 'నా జబ్బు మొదలైనప్పటి నుంచి ఆయన వేటకి వెళ్ళలేదు. బలవంతాన పంపాను. ఫోన్ చేశావంటే తుపాకీ చెట్టుకి ఆనించి వచ్చేస్తాడు. పైగా తను చేసిన పని పాడైందని కుమిలిపోతాడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి' అంది."

"మీరేం చేశారు?"

"బ్రేకర్ పాడైనట్టుంది, మార్చాను." కారిన్ మామూలుగా చెప్పింది. "ఇంట్లో పెద్ద స్విచ్ కట్టేసి, జాగ్రత్తగానే. హార్డ్‌వేర్ దుకాణంలో అదే నంబరుది తెచ్చాను. పాత దాని మీద ఎంత రాసుందో దీని మీదా అంతే. అమ్మ ఆ సాయంత్రమే టబ్‌లో కూర్చుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడిపోలేదు."

ఆ చివరి మాటలో కాస్త గర్వం ఉంది. ఇన్ని రోజుల ఏడుపు మధ్య, అమ్మకి తను చేసిపెట్టిన ఒక్క మంచి పని అది.

ఇర్మా దగ్గరున్న గిన్నె మీది రేకు కాగితం అంచు సరిచేసింది.

"పాతది ఏది?" అంది ఇర్మా.

"నా ట్రక్‌లోనే పడుంది. ఎందుకు?"

"తెచ్చివ్వగలరా?"

కారిన్ వెళ్ళి తెచ్చింది. అరచేతిలో పట్టేంత నల్లటి దిమ్మ. ముందు చిన్న మీట, పక్కన చుట్టలు తిరిగిన తెల్లతీగ. స్క్రూల మీద తెగిన పసుపు గీతలు. సరస్సులో పారేశానని లోయెల్ చెప్పిన వస్తువు.

"ఇదీ అదీ ఒకటే కదా?" అడిగింది కారిన్. ఇర్మా ముఖంలో ఏం కనిపించిందో, మళ్ళీ అడిగింది, "తేడా ఏమన్నా ఉందా?"

"పరీక్షకి పంపాలి. ఇప్పుడే చెప్పలేను," అంటూ ఇర్మా దాన్ని సాక్ష్యాల సంచిలో వేసింది.

కారు దాకా నడిచి, తలుపు వేసుకుని, తాళం తిప్పకుండా కూర్చుండిపోయింది. ఆ సంచిని పక్క సీటులో పెట్టలేక ఒళ్ళోనే ఉంచుకుంది.

స్టేషన్‌కి తిరిగి వచ్చి, సంచిని లోయెల్ ముందు బల్ల మీద పెట్టింది.

"సరస్సులో దొరికింది," అంది.

ఆయన దాన్ని చూసిన మరుక్షణం కుడి చెయ్యి చాపి కప్పేశాడు. వణుకుతున్న పక్షిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"కారిన్‌కి చెప్పారా?"

"లేదు."

"ఒట్టు?"

"చెప్పలేదు, లోయెల్. చెప్పడానికి నోరు రాలేదు."

ఆయన ఊపిరి వదిలాడు. వదిలాక ఆ మనిషి సగమైపోయినట్టు కనిపించాడు.

"మీకెప్పుడు తెలిసింది?" అంది ఇర్మా.

"మర్నాడు. ఆ ఇన్‌స్పెక్టర్ పెట్టె తెరిచినప్పుడు పక్కనే ఉన్నాను. గీతలు లేవు. ఇది నా పని కాదే అనుకున్నాను. ఆర్డిస్ వేళ్ళు స్క్రూడ్రైవర్ పట్టలేవు. అప్పుడు ఆ టేపు మడత చూశాను." కళ్ళు మూసుకున్నాడు. "అది ఇంత పిల్లగా ఉన్నప్పుడు నేర్పాను. కోటు తొడుక్కుని, ముక్కు కారుతూ, 'సరిగ్గా మడిచానా నాన్నా' అనేది. అంతలో మీ వాలేస్ ఎవరు మార్చారని అడిగాడు. ఆలోచించుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు."

"ఆమెది నేరం కాదు. తెలియక చేసింది. ఏ కోర్టూ..."

"కోర్టు సంగతి ఎవరడిగారు?" అన్నాడు. "కోర్టు వదిలేస్తుంది. అది తనని తాను వదలదు. తల్లి పోయిన పిల్ల ఎలాగో బతుకుతుంది. తండ్రి మీద కోపం ఉంటే ఇంకాస్త గట్టిగా బతుకుతుంది. నన్ను తిట్టుకోనివ్వండి, నా ముఖం చూడకపోతే పోనివ్వండి, నేను మోస్తాను. తన చేత్తోనే అమ్మకి... అని తెలిశాక ఆ చేతులతో అది రేపు ఉత్తరాలెలా పంచుతుంది? అన్నమెలా తింటుంది?"

"అబద్ధపు నేరం మీద మిమ్మల్ని జైలుకి పంపమంటారా నన్ను?"

"అబద్ధమేం కాదు." సంచిలోని చిన్న మీటను బొటనవేలితో రాశాడు. "పంపుల గురించి, సీళ్ళ గురించి వాళ్ళిద్దరి చెవులు చిల్లులు పడేలా చెప్పాను. ఎర్ర రంగు కథ వీధిలో అందరికీ చెప్పాను. ఇదిగో, ఇది ప్రాణం కాపాడేది, ఇది పడిపోతే ఎవరూ నీళ్ళలో దిగొద్దు, నాకు ఫోన్ చెయ్యండి అని ఒక్కసారి చెప్పలేదు. నేనుంటాను కదా అనుకున్నాను. కాబట్టి నేనే చంపానమ్మా. సంతకం అబద్ధం కాదు."

ఇర్మా ఏదో అనబోయింది. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ట్రెంట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు. పక్క గదిలో, ఈ గది మాటలు వినిపించే స్పీకర్ ముందు, కారిన్‌ని అతనే కూర్చోబెట్టాడు. తండ్రి నోటితోనే వింటే రేపు కోర్టులో ఆమెకి మాట తడబడదని అనుకున్నాడు.

అతని వెనక నుంచి కారిన్ ముందుకు వచ్చింది.

"పాతదే ఉండుంటే అమ్మ బతికేదా?"

"లేదు," అన్నాడు లోయెల్ వెంటనే. "లేదమ్మా. ఆ హీటరు పూర్తిగా పోయింది. ఏ బ్రేకరైనా ఒకటే. నువ్వు వేసింది మంచిదే. ఈవిడకి తెలీదు ఇవన్నీ."

కారిన్ ఆయన మాట వినలేదు. ఇర్మా వైపు చూసింది. ఇర్మాకి ఒక అబద్ధం కావాలి. ఇంతకుముందు వంటింట్లో దొరికింది. ఇప్పుడు వెతికితే దొరకలేదు. ఆమె చూపు బల్ల మీది సంచి మీదికి జారింది, కారిన్‌కి అది చాలింది.

"సరే," అంది కారిన్. "థాంక్స్."

జేబులోంచి చేతితొడుగులు తీసి ఒక్కొక్క వేలూ సర్దుకుంటూ తొడుక్కుంది. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

లోయెల్ ఒక్కసారిగా లేచాడు. బేడీ లాగితే బల్ల కదిలింది. "దాన్ని ఒంటరిగా పంపకండి. ఇర్మా, పంపకండి దాన్ని."

ఇర్మా తలుపు దగ్గరికి చేరేలోపే ట్రెంట్ తాళం తీసి ఆయన బేడీ విప్పుతున్నాడు. అలా విప్పే అధికారం అతనికి లేదని ఇద్దరికీ తెలుసు.

కారిన్ ట్రక్ సరస్సు రేవు చివర దొరికింది. తలుపు తెరిచే ఉంది, ఇంజన్ ఆడుతోంది. అక్కడి నుంచి అడుగుల గుర్తులు అలలు అడ్డుకునే రాతి గట్టు మీదికి వెళ్ళాయి. గట్టు చివర, అలలు కొట్టి మంచు గడ్డకట్టిన రాళ్ళ మీద ఆమె నిలబడి ఉంది.

ఇర్మా ముందుకు అడుగేసింది. లోయెల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మీరొద్దు. నేను."

జైలు చెప్పులతో, కోటు లేకుండా ఆ రాళ్ళ మీద నడిచాడు. ఒకసారి జారి మోకాలి మీద పడ్డాడు. లేచాడు. ఇర్మా, ట్రెంట్ ఒడ్డున నిలబడిపోయారు.

"నేనే కూర్చోబెట్టాను అక్కడ," అన్నాడు ట్రెంట్. "వినాలని."

కారిన్‌కి ఏమీ చెప్పకుండా సంచి పట్టుకుని ఆ వంటింట్లోంచి వచ్చేసింది తనే అనుకుంది ఇర్మా. ఇద్దరిలో ఎవరిది ఎక్కువో తూచే ఓపిక ఆమెకి లేదు.

దూరంగా లోయెల్ కూతురి వెనకకి చేరాడు. ఏదో అన్నాడు. అలల హోరులో ఒక్క ముక్క వినిపించలేదు. కారిన్ గిరుక్కున తిరిగి రెండు పిడికిళ్ళతో ఆయన గుండెల మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆయన కదల్లేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. కొడుతున్న చేతులు చివరికి ఆయన చొక్కాలోనే చిక్కుకుపోయాయి. అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడింది.

తర్వాత ఇద్దరూ వెనక్కి నడిచారు. పక్కపక్కన కాదు. ఆయన ముందు, ఆమె కొంచెం వెనక. జారే చోట మాత్రం ఆమె చెయ్యి ముందుకి వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది, దాటగానే వదిలేసింది.

ఒడ్డుకి వచ్చాక కారిన్ ట్రెంట్ ముందు ఆగింది.

"నాన్న సంతకం పెట్టింది చించేయండి. నేను చెప్పేది రాసుకోండి."

"రాయకు," అన్నాడు లోయెల్. పళ్ళు కొట్టుకుంటున్నాయి, మాట సరిగా రాలేదు. "వాలేస్, నువ్వు రాశావంటే..."

"రాస్తారు," అంది కారిన్. "నేను చెప్తాను, ఆయన రాస్తారు."

ఆమె తన ఉన్ని టోపీ తీసింది. తండ్రి తల మీద పెట్టి, రెండు చేతులతో చెవులు మునిగేలా కిందికి లాగింది. అలా లాగుతున్నంతసేపూ ఆయన భుజం మీదుగా సరస్సు వైపే చూస్తోంది. ఆయన మాత్రం కళ్ళు ఆర్పకుండా ఆమెనే చూస్తున్నాడు.